అరకు దారిలో బండి వణుకు: బసలు, షెడ్లు, మనుషులు

అరకు వెళ్ళి వచ్చినవాళ్ళు బొర్రా గుహల గురించీ బొంగు చికెన్ గురించీ చెబుతారు. నేను ఎక్కువగా ప్రొపెల్లర్ షాఫ్టు గురించి, అంటే ఇంజిన్ బలాన్ని ఇరుసుకు చేర్చే పొడవాటి కడ్డీ గురించి చెప్పాల్సి వస్తోంది. విశాఖ నుంచి అనంతగిరి, అరకు, పాడేరు, లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగడం మా ఆలోచన. బావ నడిపే బండి పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తుంది, పక్కనున్న లివరు మార్చితే ముందు చక్రాలకూ బలం అందుతుంది. ఇద్దరు పిల్లలు, నలుగురు పెద్దలు, వెనక పైకప్పుదాకా సామాను.

వణుకు మొదట తెలిసింది శృంగవరపుకోట బజారులో. ఆగిన బండిని కదిలించగానే సీట్ల కింద దడదడ. స్టీరింగులో ఏమీ లేదు. రెండో గేరు పడి కాస్త వేగం అందుకుంటే సర్దుకునేది. "ఎవరో కింద నుంచి తంతున్నట్టుంది" అంది వెనక కూర్చున్న అక్క. బండి వణుకు గురించి సరైన సమాచారం చాలాసార్లు వెనక సీటు నుంచే వస్తుంది, నడిపేవాడి దగ్గర నుంచి కాదు.

ఘాట్ ఎక్కే ముందు చూపించుకుందామని అక్కడే ఒక షెడ్డుకు వెళ్ళాం. ఆయన బానెట్ ఎత్తలేదు, కిందికి వంగి చూడలేదు, బండి నడిపీ చూడలేదు. ఇంజిన్ శబ్దం ఒకసారి విని, "క్లచ్ ప్లేటు పోయింది సార్, గేర్ బాక్సు దించాలి, రేపు సాయంత్రానికి ఇస్తా" అన్నారు. కావచ్చు కూడా. క్లచ్ పాడైనా కదిలేటప్పుడే వణుకుతుంది. కానీ గేర్ బాక్సు దించేముందు చేయాల్సిన పరీక్షకు ఖర్చేమీ లేదు. క్లచ్ వణుకు పెడలు సగంలో ఉన్నంతసేపే ఉంటుంది, కాలు పూర్తిగా తీసేస్తే ఆగిపోవాలి. మా బండిలో పెడలు మీద నుంచి కాలు తీసేశాక కూడా, మొదటి గేరులో యాక్సిలరేటర్ నొక్కినంతసేపూ వణుకు సాగుతూనే ఉంది. వదిలితే తగ్గుతుంది, నొక్కితే వస్తుంది. అంటే బరువు మోస్తున్నప్పుడు మాత్రమే బాధపడే భాగం ఏదో గేర్ బాక్సుకు వెనక ఉంది. ఇంజిన్, గేర్ బాక్సు ఫౌండేషన్ రబ్బర్లు తెగినా ఇలాగే ఉండవచ్చు కనుక వాటినీ చూశాం, బాగానే ఉన్నాయి. నెమ్మదిగా ఘాట్ ఎక్కాం.

అనంతగిరిలో దిగిన బస కాఫీ తోటల మధ్య ఉంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. గది శుభ్రం, భోజనం వేడిగా, ఇంటి వంటలా ఉంది. మార్కులు తగ్గించాల్సింది పార్కింగుకే. నిటారు కంకర వాలు మీద బండి నిలపాలి, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో అదే వాలు ఎక్కి బయటికి రావాలి. కొండల్లో బస వెతికేవాళ్ళు గది ఫొటోలతోపాటు బండి నిలిపే చోటు ఫొటో కూడా అడిగి తెప్పించుకోవాలని నా సలహా.

ఆ వాలు మాత్రం మాకు ఒక మేలు చేసింది. లివరు టూ హైలో ఉంచి, అంటే వెనక చక్రాలతో మాత్రమే ఎక్కితే వణుకు బలంగా వచ్చింది. నాలుగు చక్రాలకూ బలం అందే ఫోర్ హైలోకి మార్చి అదే వాలు అంతే నెమ్మదిగా ఎక్కితే సగానికి పైగా తగ్గింది. కంకర మీద కాబట్టి ఫోర్ హై వేయడానికి భయం లేదు. ముందు ఇరుసు కొంత బలం పంచుకుంటే వెనక షాఫ్టు మీద భారం తగ్గుతుంది. భారం తగ్గితే వణుకూ తగ్గిందంటే అనుమానం ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) నుంచి వెనక ఇరుసు హౌసింగ్ దాకా ఉన్న ఆ కొద్ది మేరకు వచ్చి ఆగింది.

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి మా బండి తీసుకెళ్ళలేదు, స్థానిక జీపు మాట్లాడుకున్నాం. ఆ రాళ్ళ దారిలో సొంత బండి పెట్టడం కన్నా ఇదే మంచిది. బేరం మాత్రం ముందే తేల్చుకోవాలి, ఎంతసేపు ఆగుతారో కూడా అడగాలి. ఒడుదుడుకుల దారిలో పిల్లలు కేరింతలు కొట్టారు, అక్క నడుము పట్టేసింది. జలపాతం చివరి నడక అందరికీ ఉత్సాహంగానే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు తప్ప. ఆ జీపు నడిపిన పెద్దాయన తిరిగి వచ్చాక మా బండి కదిలే తీరు చూసి ఆపించారు. "బాబూ, చక్రాలకు రాళ్ళు పెట్టు" అని చెప్పి కిందికి దూరారు. నన్నూ రమ్మన్నారు. షాఫ్టును చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పి చూపించారు. షాఫ్టు కొద్దిగా తిరగడం దోషం కాదు, గేర్ల పళ్ళ మధ్య ఖాళీ ఎప్పుడూ కొంత ఉంటుంది. చూడాల్సింది క్రాస్‌కూ (షాఫ్టు చివర కీలులా పనిచేసే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క, దాని నాలుగు కాళ్ళకూ టోపీలుంటాయి) దాన్ని పట్టుకున్న చెవులకూ మధ్య కదలిక. వెనక క్రాస్ దగ్గర అది కంటికి కనిపించింది, దాని టోపీ చుట్టూ ఎర్రటి పొడి. లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు (టోపీ లోపల వరుసగా ఉండే సన్నటి కడ్డీలు) తుప్పు పట్టి అరిగితే వచ్చే పొడి అది. "రోజూ రాళ్ళలో, నీళ్ళలో తిప్పే జీపుకు మేము తరచుగా గ్రీజు కొడతాం, తారు రోడ్డు బండ్లవాళ్ళు ఆ సంగతే మరచిపోతారు" అన్నారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగారు.

అరకులో వారాంతం గడపడం నాకు నచ్చలేదు, మొహమాటం లేకుండానే చెబుతున్నాను. లోయ అందంగానే ఉంది, గిరిజన మ్యూజియం పిల్లలకు బాగుంది, కాఫీ బాగుంది, కానీ శనివారం హోటళ్ళ ధరలూ రద్దీ చూస్తే మామూలు రోజుల్లో రావాలనిపిస్తుంది. మేమున్న హోటల్లో వేడినీళ్ళు ఇబ్బంది లేకుండా వచ్చాయి, పార్కింగు మాత్రం ఇరుకు సిమెంటు నేల. అక్కడ హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి కంగారు పడుతూ కనిపించింది. వాళ్ళ కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ స్టీరింగు పూర్తిగా తిప్పితే గుంజుతూ, ఎగురుతూ, వణుకుతూ ఉంది. లివరు చూస్తే ఫోర్ హైలో ఉంది. వాళ్ళది వ్యాధి కాదు, బండి స్వభావం. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్యలో డిఫరెన్షియల్ (రెండు ఇరుసులనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని ఇలాంటి బండ్లలో ఫోర్ హై వేస్తే రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మట్టి మీద చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. పొడి తారు మీదా సిమెంటు మీదా జారదు, షాఫ్టులు మెలిపడతాయి. ఒక్కోసారి లివరు వెనక్కి రావడానికి మొరాయిస్తుంది. స్టీరింగు తిన్నగా పెట్టి నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపితే మెలి వదిలి లివరు జారుతుంది. వాళ్ళకూ అలాగే జారింది. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే అరుగుదల కాకపోయినా ఇదే బాధ వస్తుంది. కొత్త టైర్లు ముందుకు, అరిగినవి వెనక్కి వేసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మా క్రాస్ మారింది పాడేరులో. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు జిల్లా కేంద్రమైంది, విడిభాగాల దుకాణాలూ ఉన్నాయి. ఇక్కడి మెకానిక్ చిన్నవాడు. మమ్మల్ని అడిగిన ప్రశ్నలతోనే నాకు నమ్మకం కలిగింది: ఎంత వేగంలో, ఏ గేరులో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, సామాను లేనప్పుడు కూడానా? తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపి చూశాడు.

సామాను ప్రశ్న నాకు బాగా నచ్చింది. క్రాస్ జాయింటు వంకరగా ఉన్నప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు, ఒక్కో చుట్టులో రెండేసి సార్లు వేగం హెచ్చుతగ్గులౌతుంది. షాఫ్టుకు రెండు చివర్లా ఒక్కో క్రాస్ పెట్టి, రెండింటి వంపూ సమానంగా ఉంచి, చెవులు ఒకే వరుసలో అమరిస్తే ఒకదాని తప్పు రెండోది సరిచేస్తుంది. వెనక సామాను ఎక్కువై ఇరుసు పైకి జరిగితే ఆ లెక్క కొంత చెడుతుంది. బాగున్న క్రాస్ దాన్ని మింగేస్తుంది, అరిగిన క్రాస్ బయటపెట్టేస్తుంది. చెవుల వరుస తప్పకూడదనే ఆ అబ్బాయి షాఫ్టు విప్పేముందే దాని రెండు ముక్కల మీదా తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాడు. ఆ ముక్కలు ఒకదానిలో ఒకటి జారే స్లిప్ జాయింటును ఒక్క పల్లు పక్కకు ఎక్కించినా కొత్త క్రాస్ వేసి కొత్త వణుకు కొని తెచ్చుకున్నట్టే.

పాత క్రాస్ చేతిలో పెట్టాడు. దాని కాళ్ళ మీద సూదుల గీతలు లోతుగా పడి ఉన్నాయి, ఒక టోపీలో సగం సూదులు పొడి. కొత్తది కొలత చూసి తెచ్చి, సూదులు పక్కకు పడకుండా గ్రీజుతో నిలిపి, వైసుతో నెట్టి, టోపీలు జారకుండా పట్టే సర్క్లిప్పులు వేశాడు. గ్రీజు గన్నుతో నాలుగు టోపీల్లోంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాడు, మూడింట్లోంచి వస్తే ఆపలేదు. స్లిప్ జాయింటులోనూ అంతే. మొత్తం ఖర్చు అరకు హోటల్ ఒక రాత్రి అద్దె కన్నా తక్కువ. పని జరిగేలోపు మేము మోదకొండమ్మ గుడి చూసి వచ్చాం.

పాడేరులో లాడ్జి సాదాది. వేడినీళ్ళు పొద్దున బకెట్లలో తెచ్చి ఇస్తారు, గోడల రంగు గురించి అడగవద్దు. కానీ చదునైన పార్కింగు, పక్కనే టిఫిను, వంజంగికి దగ్గర. మేఘాల సముద్రం చూడాలంటే తెల్లవారకముందే వంజంగి కొండ చేరాలి కాబట్టి ఈ దారిలో బసకు నేను పాడేరుకే మొదటి ఓటు వేస్తాను. చలికాలం సెలవుదినాల్లో అక్కడ జనం కూడా మేఘాల్లాగే కమ్ముకుంటారు, అది వేరే సంగతి. కొత్త క్రాస్‌తో ఆ ఎక్కుడు మొదటి గేరులో ఎక్కాం. వెనక సీటు నుంచి ఫిర్యాదు రాలేదు.

లంబసింగి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చలి నిజం, పొగమంచు నిజం, స్ట్రాబెర్రీ తోటలు ఉన్నాయి. గుడారాల బసకు హోటల్ ధర అడుగుతారు, మరుగుదొడ్డి ఉమ్మడి. ఒక రాత్రికి సరదా, వృద్ధులతో వద్దు. జాతీయ రహదారి 516ఈ విస్తరణ పనుల మళ్ళింపుల్లోనూ, గుడారాల పొలంలోనూ బండి బురదలో మునిగింది.

నర్సీపట్నం దిగి పెద్ద రహదారి ఎక్కి అనకాపల్లి వైపు వస్తుంటే 90 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ వణుకు. బావ ముఖం వాడిపోయింది. ఈసారి వణుకు స్టీరింగులో ఉంది, నేల కింద లేదు. న్యూట్రల్‌లోకి మార్చి ఖాళీ రోడ్డు మీద క్షణం వదిలితే కూడా ఆగలేదు, కాబట్టి ఇంజిన్ బలానికీ దీనికీ సంబంధం లేదు. వణుకు తీరు కూడా వేరు. దాదాపు 2.3 మీటర్ల చుట్టుకొలత ఉన్న టైరు ఆ వేగంలో సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. షాఫ్టు దానికి నాలుగు రెట్లు, 40 సార్లకు పైగా తిరుగుతుంది. షాఫ్టుదైతే సన్నటి జలదరింపు, చక్రానిదైతే చేతులు ఊగే వణుకు. ఇది చేతులు ఊపేదే. ఆపి చూస్తే ముందు చక్రాల రిమ్ముల లోపలివైపు లంబసింగి బురద గట్టిగా ఎండి, ఒకపక్కే పేరుకుని ఉంది.

దారి పక్కన ఒక వాటర్ సర్వీసులో రిమ్ముల లోపలికి పైపు పెట్టించి కడిగించాం. తర్వాత 100 దాకా పోనిచ్చినా స్టీరింగు వణకలేదు. చక్రాలకు బ్యాలెన్సింగు (చుట్టూ బరువు సమంగా సర్దడం) చేయించమని అక్కడివాళ్ళు సూచించారు, అవసరం కనబడలేదు. ముందు షాఫ్టు క్రాస్‌లు కూడా వచ్చే సర్వీసులో విప్పి చూడమని పాడేరు అబ్బాయి చెప్పాడు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.