మానని నడుము నొప్పి: మాత్రలా, వ్యాయామమా?

నడుము నొప్పి 3 నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. తిరుపతి హాస్టళ్లలో చదివేవాళ్లకైనా, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లకైనా ముందు చేతికందేది డైక్లోఫినాక్ మాత్రే. ఆ పూటకు నొప్పి తగ్గుతుంది, పరీక్ష రాయొచ్చు. నెలల తరబడి వాడితే మాత్రం కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఎండల్లో నీళ్లు తక్కువ తాగేవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

వ్యాయామం ఫలితం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అయినా చాలామందికి ఇదే మేలు. తేడా కొట్టేది ఎక్కడంటే, కాస్త బాగున్న రోజున అలిపిరి మెట్లన్నీ ఎక్కేసి, ఆ తర్వాత మూడు రోజులు మంచం దిగలేకపోవడం. నొప్పి పెరగకుండా 20 నిమిషాలు నడవగలిగితే 15తో మొదలుపెట్టండి. వారానికి 2 నిమిషాలే పెంచండి. ఒంట్లో బాగున్న రోజు కూడా అంతకు మించొద్దు. తిరుపతిలోని స్విమ్స్, బర్డ్ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ ఉంది.

ఒక్క సంగతి తప్పక చూసుకోవాలి. పొద్దున లేవగానే అరగంటకు మించి నడుము బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తేలికవుతుంటే అది వెన్ను కీళ్లవాతం కావచ్చు. చదువుకునే, కొత్తగా ఉద్యోగంలో చేరే వయసులోనే అది ఎక్కువగా మొదలవుతుంది. అప్పుడు డాక్టరు పర్యవేక్షణలో మాత్రలూ వ్యాయామమూ రెండూ కావాలి, రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.