బీపీసీ పిల్లల కోసం కొన్న బయాలజీ మోడల్ కిట్ ఎలా ఉందంటే

విజయనగరంలో బీపీసీ పిల్లలకి బోటనీ చెబుతాను. బృహదణువుల (స్టార్చ్, ప్రోటీన్, డీఎన్ఏ లాంటి పెద్ద అణువుల) పాఠం వచ్చేసరికి క్లాసంతా బట్టీకి దిగుతుంది, అదే నా బాధ. అందుకే గంటస్తంభం దగ్గర ఒక షాపులో ఈ ప్లాస్టిక్ మోడల్ కిట్ కొన్నాను. 1,200 రూపాయలు. ఒక్క లిపిడ్ల (కొవ్వులు, నూనెల లాంటివాటి) భాగం తప్ప, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది.

అసలు దీన్ని కొనాల్సింది గ్లూకోజ్ ముక్కల కోసం. వాటికి రెండు రకాల జాయింట్లు ఇచ్చారు. ఆల్ఫా జాయింటుతో కలుపుకుంటూ పోతే గొలుసు దానంతటదే మెలి తిరుగుతుంది, అది స్టార్చ్. బీటా జాయింటు పెడితే ముక్క విడిచి ముక్క తలకిందులై గొలుసు నిటారుగా సాగుతుంది, అది సెల్యులోజ్. అన్నంలో ఉన్నదీ వరిగడ్డిలో ఉన్నదీ ఆ గ్లూకోజేనని పిల్లలు చేత్తో పట్టుకుని చూశారు. "మరి గడ్డి మనకెందుకు అరగదు మేడమ్?" అని వాళ్లే అడిగారు. సెల్యులోజ్‌లోని బీటా బంధాన్ని తెంచే ఎంజైమ్ మనకి లేదు. ఆవుకీ లేదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులకి ఉంది. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ప్రోటీన్లకి 20 రంగుల పూసలున్నాయి, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో రంగు. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదలు కట్టించి, ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం తీసి వాలిన్ పెట్టమన్నాను. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకి ఆ ఒక్క మార్పే మూలం. పార్వతీపురం వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకి ఆ జబ్బు పేరు ముందే తెలుసు, కారణం ఇప్పుడు తెలిసింది.

డీఎన్ఏలో ఏ-టీ బేస్‌ల జతకి రెండు పిన్నులు, జీ-సీకి మూడు, ఒక్కో పిన్ను ఒక్కో హైడ్రోజన్ బంధం అన్నమాట. తప్పు జత కలిపితే పిన్ను పట్టదు. చక్కగా ఆలోచించారు, కానీ పిన్నులు వదులు. ఒక చుట్టు దాటితే దారం కట్టాల్సిందే.

లిపిడ్ల కార్డు మీద మాత్రం "కొవ్వు ఆమ్లాల పాలిమర్" అని అచ్చేశారు. పూర్తిగా తప్పు. పాలిమర్ అంటే చిన్న ముక్కలు ఎన్నో గొలుసుగా కలిసినది. నూనె అణువంటే ఒక గ్లిసరాల్, మూడు కొవ్వు ఆమ్లాలు, అంతే. లిపిడ్ల అణుభారం మామూలుగా 1000 డాల్టన్లు దాటదు. కణజాలాన్ని ఆమ్లంలో నూరినప్పుడు లిపిడ్లున్న కణపొరల ముక్కలు కరగకుండా బృహదణువులతో పాటే మిగిలిపోతాయి కాబట్టి లిపిడ్లని కూడా బృహదణువుల జాబితాలో చేర్చారు. పరీక్షల్లో ఇష్టంగా అడిగే పాయింటు ఇది, దీన్నే తప్పుగా వేస్తే ఎలా? ఆ కార్డు తీసేసి నేనే రాసి పెట్టాను. షాపాయనకి చెబితే కంపెనీకి ఫోన్ చేస్తానన్నాడు. మీరు కొంటే ఆ కార్డు చూసుకోండి, విడి పిన్నుల ప్యాకెట్ కూడా అడిగి తీసుకోండి.