రాణిగంజ్‌లో సెల్ఫ్ మోటర్ సొలినాయిడ్ టెస్టింగ్: పద్ధతిగా చేస్తారు
ఈ ఆటో ఎలక్ట్రికల్ షాపులో సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటర్) విప్పకముందే వోల్ట్ మీటర్ పెడతారు. నచ్చింది అదే. ముందు బ్యాటరీ 12.4 వోల్టులు దాటిందో లేదో చూస్తారు. తర్వాత ఒకరు కీ తిప్పుతుంటే సొలినాయిడ్ (బ్యాటరీ కరెంటును సెల్ఫ్‌కు కలిపే అయస్కాంత స్విచ్చు) రెండు పెద్ద బోల్టుల మధ్య వోల్టేజ్ కొలుస్తారు. 0.3 వోల్టుల లోపుంటే కాంటాక్టులు మంచివే. ‘టక్’మన్నాక కూడా 12 అలాగే చూపిస్తే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయినట్టే. కీ తిప్పితే సొలినాయిడ్‌ను పనిచేయించే సన్న వైరుకు కరెంటే రాకపోతే రిలేనో ఇగ్నిషన్ స్విచ్చో చూసుకోవాలి, సొలినాయిడ్ మార్చి లాభం లేదు.

విప్పాక సొలినాయిడ్‌ను బెంచ్ మీద పెట్టి, దాని బాడీకీ మోటర్ టెర్మినల్‌కీ నెగటివ్ కలిపి, సన్న టెర్మినల్‌కు పాజిటివ్ ఇస్తారు. ప్లంజర్ (సొలినాయిడ్‌లో కదిలే ఇనుప కడ్డీ) లోపలికి లాగాక మోటర్ టెర్మినల్ వైరు తీసేసినా అక్కడే నిలబడాలి. జారిందంటే దాన్ని పట్టి ఉంచే హోల్డ్ కాయిల్ తెగింది. 5 సెకన్లు మించనివ్వరు, కాయిల్ మాడుతుంది కాబట్టి. ఎర్త్ వైరులో ఎంత వోల్టేజ్ పడిపోతోందో (డ్రాప్) మాత్రం అడిగితేనే చూస్తారు, తప్పక అడగండి.