పాత కేటలాగులు, తొలి పేపర్‌బ్యాక్‌ల కోసం: విల్మింగ్టన్ నుంచి బ్రిమ్‌ఫీల్డ్ దాకా

పాత కంపెనీలు సరుకు అమ్ముకోవడానికి అచ్చువేసిన ట్రేడ్ కేటలాగులు, 1939 నుంచి వచ్చిన తొలి పేపర్‌బ్యాక్‌లు సేకరించేవాళ్లకి అమెరికా తూర్పు తీరంలో మంచి దారి ఒకటుంది. డెలావేర్‌లో విల్మింగ్టన్, పెన్సిల్వేనియాలో కుట్జ్‌టౌన్, ఆడమ్స్‌టౌన్, ఆపైన మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్. మొదటి ఊరు చూసి నేర్చుకోవడానికి, మిగతావి కొనడానికి. చాలామంది నేరుగా సంతకి వెళ్లిపోతారు, డబ్బు పోగొట్టుకునేది అక్కడే. ఏదీ పోని పూర్తి కాపీ ఎలా ఉంటుందో ఒకసారి చూడకపోతే, చేతికొచ్చిన దాంట్లో ఏం పోయిందో పట్టుకోలేం.

విల్మింగ్టన్‌లో రెండు మ్యూజియాల గ్రంథాలయాలు చూడాలి. బ్రాండీవైన్ ఏటి ఒడ్డున, 1802లో డూపాంట్ కుటుంబం తుపాకిమందు కర్మాగారం పెట్టిన చోటే ఉంది హ్యాగ్లీ. యంత్రాలు, పనిముట్లు, రసాయనాల కేటలాగులకి అదే గని. ఫర్నిచర్, దీపాలు, వెండి సామాను లాంటి ఇంటి సరుకుల కేటలాగులైతే వింటర్‌టూర్‌లో చూడాలి. రెండింటి రీడింగ్ రూములూ సోమవారం నుంచి శుక్రవారం వరకే. ముందే ఈమెయిల్ రాసి, ఏ కంపెనీ, ఏ ఏడాది, కాల్ నంబరు (గ్రంథాలయం వాళ్లిచ్చిన గుర్తింపు సంఖ్య) ఏమిటో చెబితే వెళ్లేసరికి తీసి ఉంచుతారు. చెప్పకుండా వెళ్తే సగం పూట ఎదురుచూపులకే పోతుంది. పెన్ను తీసుకెళ్లొద్దు, పెన్సిలే. ఒకే రోజుంటే హ్యాగ్లీకే ఇవ్వండి. మ్యూజియం చూసే కుటుంబం వెంట ఉంటే వింటర్‌టూర్ నయం, తోటలు చాలా పెద్దవి.

అక్కడ చూడాల్సింది బొమ్మల్ని మాత్రమే కాదు. పెయింట్ కంపెనీ కలర్ కార్డునే తీసుకోండి. చాలావాటిలో రంగు అచ్చువేసింది కాదు, అసలు పెయింటే పూసిన చిన్న ముక్కలు అంటించి ఉంటాయి. ముక్క ఊడిపోయిన చోట చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగి, ఆ గడి మాత్రం తెల్లగా మిగులుతుంది, జిగురు మరక గరుగ్గా తగులుతుంది. అన్నీ ఉన్న కార్డును ఒక్కసారి చూస్తే ఈ తెల్ల గడి మీద కన్ను తనంతట తనే ఆగుతుంది. అలాగే హోల్‌సేల్ కేటలాగులకి ధరల పట్టీ తరచు విడిగా అచ్చయ్యేది. కేటలాగు మారకుండా ధరలు మార్చుకోవడానికి అదో వీలు. అది ఉందా, ఆర్డరు ఫారం ఉందా, మడతపెట్టిన పెద్ద బొమ్మల పేజీలు చిరగకుండా ఉన్నాయా అన్నదాన్ని బట్టే విలువ.

బస విషయంలో, ఆమ్‌ట్రాక్ స్టేషన్ దగ్గర డౌన్‌టౌన్ హోటళ్లు రైల్లో వచ్చేవాళ్లకి బాగుంటాయి కానీ రెండు మ్యూజియాలూ ఊరి బయట. కారు ఉంటే ఉత్తరాన కాంకర్డ్ పైక్ మీది హోటళ్లే మేలు.

శుక్రవారానికి ఇది ముగించుకుంటే శనివారం కుట్జ్‌టౌన్, ఆదివారం ఆడమ్స్‌టౌన్. రెండు చోట్లా రెన్నింగర్స్ సంతలే. రెండింటిలో ఆడమ్స్‌టౌన్ పెద్దది, రూట్ 272 పొడవునా పాత సామాన్ల మాల్స్ కూడా ఉన్నాయి. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) 286వ ఎగ్జిట్ దగ్గర డెన్వర్‌లో (కొలరాడోలోది కాదు, ఇక్కడి చిన్న ఊరు) మామూలు మోటెళ్లు దొరుకుతాయి. లాంకాస్టర్‌లో బస చేస్తే వేసవి శనివారాల్లో పర్యాటకుల రద్దీ ధరలో కనిపిస్తుంది, పైగా ఆదివారం తెల్లవారకముందే లేవాలి. డెన్వరే నా ఓటు. బయటి బల్లల మీద సరుకు చీకటి ఉండగానే చేతులు మారుతుంది. టార్చిలైటు తప్పనిసరి.

పేపర్‌బ్యాక్‌లకి ఈ రెండు సంతలే బాగు. పాకెట్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 1939లో 25 సెంట్లకి 10 పుస్తకాలతో మొదలైంది. మొదటి ముద్రణ అవునో కాదో కాపీరైట్ పేజీలోని ముద్రణల వరుసే చెబుతుంది, అట్ట మీది నంబరు కాదు. ఆ కాలపు అట్టల మీది పారదర్శకమైన పొర అంచుల్లో లేస్తుంది. దాన్ని గోటితో లాగితే కింది రంగు కూడా వచ్చేస్తుంది. వెన్నెముక జిగురు ఎండి పెళుసెక్కి ఉంటుంది కాబట్టి పుస్తకాన్ని 90 డిగ్రీలకి మించి తెరవకండి. అమ్మేవాళ్ల ఎదుటే టక్కుమన్న చప్పుడు వస్తే కొనక తప్పదు. వెనక అట్ట మీద కథాస్థలం పటం ఉన్న డెల్ ప్రచురణ సంస్థ పుస్తకాలకి వెనక అట్టే ప్రాణం, అక్కడ ధర స్టిక్కరు అంటించి ఉంటే వదిలేయడం మంచిది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకి పంచిన ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఎడిషన్లు, మొత్తం 1,322, చాలావరకు అడ్డంగా ఉండే ఆకారంలో స్టేపిల్ కొట్టినవి. స్టేపిల్ తుప్పు చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. నడిమి పేజీ తెరిచి చూస్తే ఎంత తిన్నదో తెలుస్తుంది.

కేటలాగులకి మాత్రం బ్రిమ్‌ఫీల్డే. రూట్ 20 ఇరువైపులా మైదానాల్లో మే, జులై, సెప్టెంబరు నెలల్లో ఆరేసి రోజులు జరుగుతుంది. ఒక్కో మైదానం ఒక్కో రోజు, ఒక్కో గంటకి తెరుచుకుంటుంది. కొన్నిటికి తొలిరోజు ప్రవేశ రుసుం ఉంటుంది. ముందు ఆ పట్టిక చూసుకుని, కాగితం సరుకు అమ్మేవాళ్లు ఎక్కడున్నారో దాన్నిబట్టి రోజులు ఎంచుకోవాలి. సంతకి ఏ రోజైనా ఫరవాలేదనుకుంటే ఖాళీ బల్లలే మిగులుతాయి. పార్కింగుకీ, బేరానికీ నగదు దగ్గర ఉంచుకోండి. వాన వస్తే మైదానం బురదే, పైగా తడి కాగితాన్ని కొనేది లేదు. బస స్టర్‌బ్రిడ్జ్‌లో దగ్గర, కానీ నెలల ముందే నిండిపోతుంది. ఆలస్యమైతే స్ప్రింగ్‌ఫీల్డ్ లేదా వూస్టర్.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది పోస్టులో సరుకులమ్మిన సియర్స్ కంపెనీ కేటలాగులతో. 1897, 1902, 1908 సంచికలకి 1960ల చివర్లో పునర్ముద్రణలు వచ్చాయి, అవే అసలువన్న పేరుతో బల్లమీదకి వస్తుంటాయి. 10 రెట్లు చూపే భూతద్దం పెట్టి చెక్కుడు బొమ్మ గీతలు చూడండి. అసలుదాంట్లో సన్న గీతలు విడివిడిగా తేటగా ఉంటాయి, ఫొటో తీసి అచ్చువేసిన దాంట్లో దట్టమైన చోట్ల పూడుకుపోయి, సన్నని చోట్ల తెగిపోయి కనిపిస్తాయి. ఏడాది వేయని కేటలాగుకి చిరునామా చూడండి: నగరం పేరు తర్వాత ఒకటి రెండు అంకెల జోన్ ఉంటే 1943కి తర్వాత, అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963కి తర్వాత.

పోస్టులో పంపేటప్పుడు కేటలాగుల్నీ, పేపర్‌బ్యాక్‌లనీ ఒకే పెట్టెలో పెట్టకండి. అమెరికా పోస్టాఫీసు వారి చవకైన మీడియా మెయిల్ పుస్తకాలకి చెల్లుతుంది, ప్రకటనలకి చెల్లదు. ట్రేడ్ కేటలాగు ఆద్యంతం ప్రకటనే. పోస్టాఫీసువాళ్లకి పెట్టె తెరిచి చూసే హక్కుంది, కలిపి పెడితే మొత్తానికీ ఎక్కువ రుసుం పడుతుంది. పేపర్‌బ్యాక్‌ల చివర అదే ప్రచురణకర్త ఇతర పుస్తకాల జాబితా ఉన్నా ఇబ్బంది లేదు. కేటలాగులు మామూలు పార్సెల్‌గా, రెండు గట్టి అట్టల మధ్య, పాలిప్రొపిలీన్ కవరులో. పీవీసీ కవర్లు వద్దు, అచ్చు సిరా వాటికి అంటుకుంటుంది. పెట్టెలో ఖాళీ మిగిలితే మూలలు నలిగేది అక్కడే, కాబట్టి నలిపిన కాగితంతో కదలకుండా బిగించాకే టేపు వేయండి.