క్లాట్ పాత పేపర్లు: ఉన్నవి ఏడే, చేతికొచ్చినట్టు ఖర్చు చేయకండి

సమీక్షించినవి: కన్సార్షియం ఆఫ్ నేషనల్ లా యూనివర్సిటీస్ వెబ్‌సైట్‌లో ఉన్న క్లాట్ యూజీ (ఇంటర్ తర్వాత లా డిగ్రీలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష) ప్రశ్నపత్రాలు, వాటి ఫైనల్ కీలు (చివరిగా ఖాయం చేసిన జవాబుల పట్టికలు). మార్కు: 5కి 4.

క్లాట్‌కి చదివే పిల్లల బల్ల మీద ఇప్పుడు సరుకుకు కొదవ లేదు. యాభై మాకుల (నమూనా పరీక్షల) ప్యాక్, వంద మాకుల ప్యాక్, నెలనెలా కరెంట్ అఫైర్స్ పుస్తకం, ఫోన్ నిండా యాప్‌లు. ఆ కుప్ప కింద పడి నలిగిపోయేవి పరీక్ష పెట్టేవాళ్లే తయారుచేసిన అసలు పేపర్లు. "అవా, ఎప్పుడో చేసేశాం" అంటారు. నిజమే, చేసేస్తారు. ప్రిపరేషన్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే, పేపరు ఎలా ఉంటుందో చూద్దామని, వరుసగా నాలుగైదు లాగించేస్తారు. జవాబులు ఓసారి చూసేశాక ఆ పేపరు మీ స్థాయిని కొలవడానికి ఇక పనికిరాదు.

ఎన్ని ఉన్నాయో లెక్క చూడండి. క్లాట్ 2008లో మొదలైనా, పాసేజీ చదివి జవాబు పెట్టే ఇప్పటి పద్ధతి వచ్చింది 2020లో. అంతకుముందు 200 ప్రశ్నలతో, బిట్లుబిట్లుగా ఉండే పేపర్లను అటకెక్కించేయొచ్చు. 2020 నుంచి 2026 దాకా ఏడు పేపర్లు. మొదటి నాలుగింటిలో 150 ప్రశ్నలు, తర్వాతి మూడింటిలో 120. అన్నీ కలిపితే 960 ప్రశ్నలు. (పేరులోని ఏడాది చూసి తికమక పడకండి. క్లాట్ 2026 జరిగింది 2025 డిసెంబరు 7న.) కోచింగ్‌వాళ్లు ఎన్ని వేల ప్రశ్నలైనా తయారుచేస్తారు గానీ, అసలు పేపరు సెట్ చేసేవాళ్ల చేతి నుంచి వచ్చినవి మాత్రం ఇవే.

వీటి విలువ తప్పు ఆప్షన్లలో ఉంది. లీగల్ రీజనింగ్‌లో వల ఎలా పన్నుతారో ఒక నమూనాలో చూడండి. ఇది పేపర్లోది కాదు, ఆ అచ్చులో పోసింది. పాసేజీలో నియమం: అంగీకార లేఖ ప్రతిపాదించినవాడికి అందినప్పుడే ఒప్పందం ఏర్పడుతుంది, అంతవరకూ అతను తన మాట వెనక్కి తీసుకోవచ్చు. ప్రశ్న: రవి తన స్కూటర్ అమ్ముతానని సీతకు రాశాడు. సీత సరేనంటూ 5వ తేదీన ఉత్తరం పోస్టు చేసింది. 7న రవి ఫోన్ చేసి అమ్మనన్నాడు. ఉత్తరం 8న అందింది. ఒప్పందం ఉన్నట్టా, లేనట్టా?

ఆప్షన్లు ఇలా ఉంటాయి. ఎ: ఉంది, 5నే పోస్టు చేసింది కాబట్టి. బి: ఉంది, ఉత్తరం చివరికి అందింది కాబట్టి. సి: లేదు, ఇద్దరూ కలిసి సంతకాలు చేయలేదు కాబట్టి. డి: లేదు, ఉత్తరం అందకముందే రవి వెనక్కి తగ్గాడు కాబట్టి. భారత కాంట్రాక్ట్ చట్టంలో 4వ సెక్షన్ బట్టీపట్టినవాడు ఎ దగ్గర బోల్తాపడతాడు. ఆ సెక్షన్ ప్రకారమైతే ఉత్తరం పోస్టులో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడిపోతాడు మరి. కానీ ఇక్కడ చెల్లేది పాసేజీలోని నియమమే, కాబట్టి డి. ఇక సి ఎవరికోసమంటే, 'లేదు' అన్న మాట కనబడగానే బబుల్ దిద్దేసేవాళ్ల కోసం. తీర్పు సరే, కారణం పాసేజీలో ఎక్కడా లేదు. లా పుస్తకాలు ముందే చదివేస్తే లీగల్ సెక్షన్ సులువవుతుందనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రశ్ననీ రెండుసార్లు చూడాలి.

లోపాలూ ఉన్నాయి, అందుకే ఒక మార్కు తగ్గించాం. మొదటిది, వివరణ ఉండదు. కీలో ప్రశ్న నంబరు, దాని పక్కన ఒక అక్షరం, అంతే. ఎందుకు డి, ఎందుకు ఎ కాదు అన్నది మీరే తవ్వుకోవాలి. రెండోది, కీని కూడా గుడ్డిగా నమ్మే వీల్లేదు. క్లాట్ 2025 యూజీ కీ మీద పిటిషన్లు ఢిల్లీ హైకోర్టుకూ, అక్కడినుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లాయి. 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆ వ్యవహారం తేలలేదు. కాబట్టి ప్రొవిజనల్ కీ (మొదట విడుదల చేసే తాత్కాలిక కీ) పక్కన పెట్టేయండి, ఫైనల్ కీనే దింపుకోండి. పట్టువిడవకుండా తవ్వినా జవాబుకు ఆధారం దొరకని ప్రశ్న ఒకటీ అరా తగిలితే దాన్ని కొట్టేసి ముందుకు వెళ్లండి. దానికి సిద్ధాంతాలు అల్లుకుంటే మిగతా ప్రశ్నలు చెడతాయి.

మూడో లోపం కరెంట్ అఫైర్స్. ఇక్కడ పాసేజీ ఉంటుంది గానీ, ప్రశ్నలు చాలావరకు దాని బయటి విషయాల మీదే ఉంటాయి. 2021 నాటి వార్తలకు ఇప్పుడు మార్కులు లెక్కేసుకోవడం దండగ. ఆ సెక్షన్‌ని టైమ్ పెట్టి రాయొద్దు, ఊరికే చదవండి. ఒక వార్త చుట్టూ ఏమేం అడుగుతున్నారో (ఏ సంస్థ, ఎక్కడ దాని కార్యాలయం, ఏ ఒప్పందం, ఏ ఏడాది, ఏ తీర్పు) గమనించి, ఇవాళ్టి పేపరు చదివేటప్పుడు అవే ప్రశ్నలు వేసుకోండి. ఆ సెక్షన్ వల్ల అంతకు మించి ఉపయోగం లేదు.

పేపర్లు ఎలా వాడాలి? 2020, 2021 పేపర్లను ముక్కలు చేసి సెక్షన్లవారీగా వాడుకోవచ్చు. 2020ది కంప్యూటర్ మీద జరిగిన పరీక్ష, పైగా ఈ పద్ధతిలో మొదటిది. దాన్ని పూర్తి మాక్‌లా దాచుకోవాల్సిన పనిలేదు. 150 ప్రశ్నల పేపర్లో లీగల్ ప్రశ్నలు 35 నుంచి 39 దాకా ఉంటాయి. నిమిషానికి ఒకటి చొప్పున టైమ్ పెట్టి ఆ ఒక్క సెక్షనే రాయండి. 2022, 2023 పేపర్లను కరెంట్ అఫైర్స్ తీసేసి ఒక్కో పేపరూ ఒకే విడతలో కూర్చుని రాయండి. 2024, 2025 పేపర్లు మొత్తం, 120 నిమిషాల్లో. 2026ది ఫోన్‌లోకి కూడా దింపొద్దు. అసలు పరీక్షకు పది రోజుల ముందు మధ్యాహ్నం రెండింటికి ప్రింటు తీసి కూర్చోండి. పరీక్ష జరిగేదీ రెండు నుంచి నాలుగింటి దాకానే. అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చే ఆ వేళ పాసేజీలు చదవడం వేరే విద్య.

మార్కులు పెరిగేది రాసేటప్పుడు కాదు, రాశాక చేసే పనిలో. చాలామంది కీ తెరిచి, టిక్కులు కొట్టి, మొత్తం కూడి, నిట్టూర్చి మూసేస్తారు. అలా కాకుండా, రెండు గంటలు అయిపోగానే కీ తెరవకుండా ఇంకో రంగు పెన్ను తీసుకోండి. రాసేటప్పుడే అనుమానం ఉన్న ప్రశ్నల పక్కన చుక్క పెట్టుకుని ఉంటారు కదా, వాటిని గడియారం లేకుండా మళ్లీ చేయండి. ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యాన్ని పాసేజీలో గీత గీసి చూపించాలి. గీత గీయలేకపోతే ఆ జవాబు ఊహే. అప్పుడు కీ చూడండి. మొదట తప్పి, రెండోసారి సరిపోయిందంటే లోపం తొందరలో ఉంది. రెండుసార్లూ తప్పితే నియమమో వాక్యమో అర్థం కాలేదు. మొదట సరిపోయి రెండోసారి తప్పితే? ఆ మార్కు అదృష్టానిది, మీ లెక్కలోంచి తీసేయండి. ఇది బాధగానే ఉంటుంది. రాయడానికి రెండు గంటలు పడితే దీనికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఒక్కరోజులో రాయడం, చూసుకోవడం రెండూ కుదరకపోతే చూసుకోవడం మర్నాటికి వాయిదా వేయండి, మానేయొద్దు.

తప్పుల పుస్తకంలో 'అజాగ్రత్త' అని రాసుకోవడం అసలు వద్దు. ఆ మాటకు మందు లేదు. ఏం జరిగిందో రాయాలి: "లాజికల్, ప్ర. 83. రచయిత 'కొన్ని' అన్నాడు, 'అన్నీ' అని చదివా." "లీగల్, ప్ర. 61. 'తప్ప' అన్న మాట తర్వాత వచ్చే మినహాయింపు చదవలేదు." నాలుగు పేపర్లయ్యేసరికి ఒకే తప్పు ఏడెనిమిదిసార్లు కనిపిస్తుంది. రాబోయే పేపర్లో మినహాయింపు కనబడగానే దాని చుట్టూ గుండ్రం గీయాలని అప్పుడు తెలుస్తుంది. ఏ మాక్ ప్యాకూ ఈ సంగతి మీకు చెప్పదు.

టైమ్ సంగతి. 120 ప్రశ్నల్లో ఇంగ్లిష్ 22-26, కరెంట్ అఫైర్స్ 28-32, లీగల్ 28-32, లాజికల్ 22-26, క్వాంటిటేటివ్ 10-14. ఒక్కో పాసేజీ 450 పదాల దాకా ఉండొచ్చు. మొత్తం చదవాల్సింది దాదాపు పదివేల పదాలు అనుకుందాం. నిమిషానికి 200 పదాలు చదివేవారికి చదవడానికే 50 నిమిషాలు, 250 చదివేవారికి 40. ఆ పది నిమిషాల తేడా అంటే పది ప్రశ్నలు. లాజికల్ ట్రిక్కులు నేర్చుకోవడానికి ముందు మీ చదివే వేగం ఎంతో ఒకసారి కొలుచుకోండి. ఎడిటోరియల్ ఒకటి తీసుకుని, పదాలు లెక్కపెట్టి, గడియారం పెట్టి చదివి, చూడకుండా దాని సారాంశం ఒక్క వాక్యంలో రాయండి. వాక్యం రాయలేకపోతే ఆ వేగం లెక్కలోకి రాదు.

నెగెటివ్ మార్కు, అంటే తప్పు జవాబుకు కోసేది, 0.25. దీనికి భయపడి చాలామంది ప్రశ్నలు వదిలేస్తారు. లెక్క వేరేలా ఉంది. నాలుగు ఆప్షన్లలో ఒక్కటీ కొట్టేయలేకుండా ఊరికే దిద్దితే సగటున ప్రశ్నకు 0.06 మార్కు వస్తుంది, అంటే దాదాపు సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా కొట్టేయగలిగితే 0.17. రెండు కొట్టేస్తే 0.375. కాబట్టి రెండింటి మధ్య ఊగుతున్న ప్రశ్నను ఖాళీగా వదలడమే నష్టం. వంద రాసి 75 ఒప్పయితే వచ్చేది 68.75. నూట పది రాసి 78 ఒప్పయితే 70. అయితే ఆ పది ప్రశ్నలూ పాసేజీ చదివి దిద్దినవై ఉండాలి. చివరి రెండు నిమిషాల్లో వరుసగా సి దిద్దుకుంటూ పోతే ఈ లెక్క వర్తించదు.

క్వాంటిటేటివ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. శాతాలు, నిష్పత్తులు, సగటు, లాభనష్టాలు, పదో తరగతి స్థాయి. లెక్కలంటే భయమున్నవాళ్లు కూడా పది ప్రశ్నల్లో ఆరేడు తెచ్చుకోవచ్చు. ముందు ఈ సెక్షన్‌తో మాత్రం మొదలుపెట్టొద్దు. ఒక లెక్క ఎక్కడో ఇరుక్కుంటే పది నిమిషాలు మింగేస్తుంది.

ఇక కొనే మాకులు. అసలు పేపర్లు ఏడే కాబట్టి అవి అవసరమే, కాదనం. పదిహేను మంచివి దొరికితే చాలు. కొనే ముందు ఉచిత మాక్ ఒకటి తెచ్చుకుని దాని లీగల్ సెక్షన్ చూడండి. పాసేజీలో లేని సెక్షన్ నంబరో, కేసు పేరో తెలిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్నలు రెండు కనబడినా ఆ ప్యాక్ వదిలేయండి. వివరణల్లో ఒప్పు ఆప్షన్ ఎందుకు ఒప్పో మాత్రమే చెప్పి, మిగతా మూడూ ఎందుకు తప్పో చెప్పకపోతే వదిలేయండి. లెక్కల సెక్షన్ బ్యాంకు పరీక్షలా ఉంటే అదీ వదిలేయండి. స్క్రీన్ మీద మాత్రమే రాయనిచ్చి ప్రింటుకు వీలివ్వని యాప్ మీద ఆధారపడొద్దు, అసలు పరీక్ష కాగితం మీద, ఓఎంఆర్ (బబుళ్లు దిద్దే జవాబు షీటు) మీద. వాళ్లిచ్చే పర్సెంటైల్‌ని పట్టించుకోకండి, అది ఆ ప్యాక్ కొన్నవాళ్ల మధ్య లెక్క. పేపరు కష్టంగా ఉంటే నాణ్యంగా ఉన్నట్టే అన్న భ్రమ ఒకటి బాగా చెలామణిలో ఉంది. క్లాట్‌లో వలలు చిన్నవి, చాలా ఉంటాయి. పాసేజీ అర్థం కాకుండా మెలికలు తిప్పడం చేతకానితనమే.

లాసెట్‌కి (రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్షకు) మాత్రమే చదివేవాళ్లు ఈ పేపర్ల జోలికి రానక్కర్లేదు. తెలంగాణ లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, నెగెటివ్ లేదు, బిట్లు నేరుగా ఉంటాయి. అది వేరే ఆట. నేషనల్ లా యూనివర్సిటీ ఢిల్లీ విడిగా పెట్టే ప్రవేశ పరీక్ష ఐలెట్ కూడా రాసేవాళ్లకైతే ఇంగ్లిష్, లాజికల్ సెక్షన్లు పనికొస్తాయి.

చివరిగా ఓఎంఆర్. పెన్నుతో దిద్దింది చెరపడం కుదరదు, కాబట్టి ప్రతి పేపరుకూ 120 బబుళ్ల షీటు ప్రింటు తీసుకుని పెన్నుతోనే దిద్దండి. ఒక్కో ప్రశ్నకూ ఒక్కోసారి షీటు మీదకు వెళ్తే చూపు చెదిరి టైమ్ పోతుంది. మొత్తం చివరికి ఉంచితే ఆఖరి పది నిమిషాల్లో చేయి వణుకుతుంది. పాసేజీ అయ్యాక దాని ప్రశ్నలన్నీ ఒకేసారి దిద్దడం కుదురైన పద్ధతి. దిద్దేముందు మొదటి ప్రశ్న నంబరు పెదవి కదిపి చదవండి. ఏదైనా ప్రశ్న వదిలేస్తే దాని పక్కన సన్నటి గీత ప్రశ్నపత్రం మీద పెట్టుకోండి, షీటు మీద కాదు. వరుస జారిందంటే అది 57 దగ్గర జారి 90 దగ్గర బయటపడుతుంది.