పెద్ద సిక్లిడ్స్ కొంటున్నారా? "ట్యాంక్ సైజుకే పెరుగుతాయి" అంటే నమ్మకండి

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, జాగ్వార్, రెడ్ డెవిల్ లాంటివన్నీ సిక్లిడ్ కుటుంబపు పెద్ద అక్వేరియం చేపలు; వీటిని కొనబోయేవాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. నాకు చేపలు అమ్మిన కొట్టు పేరు రాయను. ఈ మాటలు చెప్పి అమ్మేది ఆ ఒక్కరే కాదు కాబట్టి పేరుతో పని లేదు.

ఇంట్లో ఉన్నది మూడడుగుల ట్యాంక్ అని ముందే చెప్పాను. "ఆరు ఆస్కార్ పిల్లలు హాయిగా పడతాయి సార్, చేప ట్యాంక్‌కి తగ్గట్టే పెరుగుతుంది" అని అంటగట్టారు. పిల్లలప్పుడు రెండంగుళాలు కూడా ఉండవు, ట్యాంకంతా ఖాళీగానే కనిపిస్తుంది. మంచి తిండి పడితే ఆస్కార్ మొదటి ఏడాదిలో నెలకు దాదాపు అంగుళం పెరుగుతుంది, పూర్తిగా ఎదిగితే 12 అంగుళాలు. అద్దాలు చూసి ఆగిపోదు. నీళ్లు పాడైతే మాత్రం గిడసబారిపోతుంది. దాన్నే వీళ్లు "ట్యాంక్ సైజు" అంటున్నారు.

ఇంకో మాట ఇంతకన్నా ప్రమాదం: "ఎక్కువుంటే కొట్టుకోవు." ఇది పూర్తిగా కల్పించింది కాదు, వేరే చేపల సంగతి తెచ్చి వీటికి అతికించారు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఎంబూనా చేపలు చిన్నవి. వాటిని కొంచెం కిక్కిరిసేలా ఉంచి, గట్టి ఫిల్టర్ పెడితే కోపం ఒక్కదాని మీదే పడకుండా పంచుకుపోతుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన పెద్ద సిక్లిడ్స్‌కు ఆ లెక్క పనికిరాదు. ఒక జత కుదిరిందంటే గుడ్లు పెట్టే చోటు చుట్టూ సగం ట్యాంక్ తమదే అంటాయి, మిగతా సగంలో మిగిలినవాటికి దిక్కుండదు. మా ట్యాంక్‌లో రెండు చేపలు మూతులు కరిచిపట్టుకుని అటూ ఇటూ ఈడ్చుకునేవి. అన్నిటికన్నా బక్కది హీటర్ వెనక, పైమూలలో తల పైకెత్తి నిలబడిపోయేది. దాని తోక పళ్లు ఊడిన దువ్వెనలా తయారైంది. తిండి వేసినా కిందికి దిగేది కాదు. మీ ట్యాంక్‌లో ఒక చేప ఇలా మూల పట్టిందంటే, అది "సిగ్గు" కాదు, తన్నులు తింటోంది.

"జత ఇస్తాను, ఒకటి మగ, ఒకటి ఆడ" అంటే అదీ నమ్మొద్దు. ఆస్కార్‌లను పైకి చూసి మగా ఆడా తేల్చలేరు, పిల్లల్లో అసలే తెలియదు.

"అంగుళానికి ఒక గ్యాలన్", అంటే చేప పొడవులో అంగుళానికి ఒక గ్యాలన్ నీళ్లు చాలన్న లెక్క కూడా వినిపిస్తుంది. టెట్రాల్లాంటి చిన్న చేపలకు అదో అంచనా. కానీ పొడవు పది రెట్లైతే ఒళ్లు దాదాపు వెయ్యి రెట్లవుతుంది, తిండీ వ్యర్థమూ దాన్ని బట్టే పెరుగుతాయి. ఒక్క ఆస్కార్‌కే కనీసం 75 గ్యాలన్లు, అంటే సుమారు 280 లీటర్లు కావాలని అనుభవజ్ఞులు చెబుతారు. రెండిటికి 125 గ్యాలన్ల దాకా. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంక్ అంచుదాకా నింపినా 190 లీటర్లే. జాగ్వార్ ఆస్కార్ కన్నా పెద్దది, మొండిది. ఫ్లవర్‌హార్న్‌నైతే ఒంటరిగా పెంచడమే మేలు.

గొడవ చెప్పుకుంటే "పెద్ద ఫిల్టర్ పెట్టండి" అని ఇంకో వస్తువు అమ్మబోయారు. ఫిల్టర్‌లోని బాక్టీరియా చేపల వ్యర్థం నుంచి వచ్చే విషమైన అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అంతవరకే. నైట్రేట్ పోవాలంటే నీళ్లు మార్చాల్సిందే. పైగా ఫిల్టర్ ఎంత పెద్దదైనా చోటు పెరగదు కదా! కిక్కిరిసిన ట్యాంక్‌లో కరెంటు పోతే ఆక్సిజన్ కూడా తొందరగా పడిపోతుంది, వేడి నీళ్లలో మరీను.

చేపలు వెనక్కి తీసుకోమంటే "అమ్మినవి తీసుకోం" అన్నారు. అందుకే కొనేముందే అడగండి: ఇది ఎంత పెరుగుతుంది? పెరిగాక తీసుకుంటారా? సమాధానం బిల్లు మీద రాయించుకోండి. నసిగితే బయటికొచ్చేయండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు: దెబ్బలు తింటున్న చేపను ఈరోజే వేరు చేయండి, రెండో ట్యాంక్ లేకపోతే మధ్యలో అడ్డుగోడ పెట్టండి. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల భాగాల్లో 40) దాటకూడదు. పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లను వెతికి ఇచ్చేయండి. చెరువులో మాత్రం వదలకండి. బయటి నీళ్లలో పడితే అక్కడే పాతుకుపోతాయి: అమెరికాలోని ఫ్లోరిడా కాలువల్లో ఆస్కార్లు అలాగే స్థిరపడిపోయాయి.