అర్జీలో ఏం రాయాలి: వికలాంగులమా, దివ్యాంగులమా?

హనుమకొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి అర్జీ రాద్దామని కూర్చుంటే చాలు, మావాళ్లలో ఈ వాదన లేస్తుంది.

'దివ్యాంగ్' అనే మాటను ప్రధాని 2015 డిసెంబరు మన్ కీ బాత్‌లో సూచించారు. ఆ తర్వాత కేంద్రంలో మా వ్యవహారాలు చూసే శాఖ హిందీ పేరులోనూ చేరింది. తల్లిదండ్రులకు ఇదే ఇష్టం. వీధిలో బిడ్డను "కుంటోడు" అంటుంటే విన్నవాళ్లు, వాళ్లనేం అనగలం? కానీ దివ్యశక్తి ఉన్నవాళ్లకు ర్యాంపు దేనికట? పొగిడినవాళ్లను నిలదీయాలంటే మనకే మొహమాటం.

'వికలాంగులు' ముతక మాటే. అంగం లోపించిందంటుంది, అడ్డుగా ఉన్న మెట్ల ఊసెత్తదు. ఆటిజం ఉన్నవాళ్లకు అసలు అతకదు. మా హక్కుల కోసం వచ్చిన 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. అయినా ఆర్టీసీ బస్సు సీటు మీద ఉండేది ఈ మాటే. మన వరంగల్ జిల్లా మనిషి మంద కృష్ణ మాదిగ ముందుండి నడిపిన సంఘం పేరు కూడా వికలాంగుల హక్కుల పోరాట సమితి. పింఛను కోసం ఆ పేరుతోనే రోడ్డెక్కారు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ధర్నాకు నా ఓటు దీనికే.

'ప్రత్యేక అవసరాలు గలవారు' మాత్రం నాకు పడదు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ కూడా ర్యాంపు మీదే ఎక్కుతుంది, అందులో ప్రత్యేకమేముంది?

అర్జీకి 'వైకల్యం ఉన్న వ్యక్తులు' మేలు. పలకడానికి పొడుగే, కాగితం మీద ఇబ్బంది లేదు. ఇందులో మనిషి మనిషిగానే ఉంటాడు, వైకల్యం ఆ మనిషికున్న ఒక సంగతి మాత్రమే. ఆ వెంటనే చట్టం ఎత్తుకోవచ్చు. "దివ్యాంగులపై దయతలచి" అని మొదలెడితే అది వేడుకోలు. "2016 చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఈ ఆఫీసు మాకు అందుబాటులో ఉండాలి, ర్యాంపు ఎప్పుడు కడతారు?" అని రాస్తే అధికారి జవాబు చెప్పాల్సిన ప్రశ్న అవుతుంది.

ఇక ఎవరైనా తనను తాను "కుంటోణ్ని" అనుకుంటే అది తన ఇష్టం, దిద్దే పని మనది కాదు. అదే మాటతో ఇంకొకరు నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద కనీసం 6 నెలల జైలు. సదరెం (వైకల్య ధ్రువపత్రం), పింఛను ఫారాల్లో మాత్రం ఏ పేరు అచ్చయి ఉంటే అదే ఉంచండి. అక్కడ మాట మార్చబోతే కాగితం వెనక్కి వస్తుందేమోనన్న టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.